మీకు తెలుసా? ఇల్లు మారితే పాత అప్పు వెంట రాదు

మామూలు ఉద్యోగికి ఇంటి అప్పు ఇవ్వడమే పనిగా పెట్టుకున్న సంస్థను మన దేశంలో నిలబెట్టిన మనిషి సూరత్‌లో పుట్టారని మీకు తెలుసా? హస్ముఖ్ ఠాకూర్‌దాస్ పారేఖ్ 1911లో ఇక్కడ జన్మించారు. ఐసీఐసీఐ నుంచి విరమణ పొందాక, అందరూ విశ్రాంతి తీసుకునే వయసులో, 1977లో హెచ్‌డీఎఫ్‌సీని మొదలుపెట్టారు. సొంతిల్లు జీవితం చివర్లో గ్రాట్యుటీ డబ్బుతో కట్టుకునేది కాకూడదని, వయసులో ఉన్నప్పుడే అప్పుతో కొనుక్కుని జీతంతో తీర్చుకోవచ్చని ఆయన నమ్మారు. 1992లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆయన పెట్టిన సంస్థ 2023 జులై 1న హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో కలిసిపోయింది.

సూరత్‌లో తెలుగువాళ్లు కొత్త కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. తపతి నదికి పడమటి ఒడ్డున ఉన్న అడాజన్ సంగతి కాస్త వేరు. ఇక్కడి నుంచి నది దాటకుండానే హజీరా కర్మాగారాలకు వెళ్లిరావచ్చు కాబట్టి ఉద్యోగుల కుటుంబాలకు ఇది అనువైన చోటు. అలాంటి కుటుంబానికి పదేళ్ల కిందట కొన్న 2బీహెచ్‌కే ఇప్పుడు చాలదు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటున్నారు. అప్పు సగం తీరింది. అప్పుడు పుట్టే ఆలోచన ఒక్కటే: ఉన్న అప్పు మీదే ఇంకొంత తీసుకుని పెద్దింటికి మారిపోతే?

ఆ ఆలోచనకు మన చట్టం, మన బ్యాంకులు ఏం జవాబిస్తాయో తెలుసుకోకుండా టోకెన్ ఇవ్వకూడదు.

●

బ్రిటన్‌లో చాలామంది ఇల్లు మారేటప్పుడు పాత తనఖా అప్పును అదే వడ్డీతో కొత్త ఇంటి మీదికి తీసుకెళ్లి, చాలని మొత్తాన్ని అదే బ్యాంకులో అదనంగా తీసుకుంటారు. మన దగ్గర అప్పు మనిషి పేరునే ఉన్నా దాని ముడి మాత్రం ఇంటికే ఉంటుంది. ఇల్లు అమ్మితే ముడి విప్పాలి, అంటే అప్పు పూర్తిగా తీర్చాలి. కొత్త ఇంటికి మళ్లీ దరఖాస్తు, మళ్లీ జీతం పత్రాలు, మళ్లీ లాయరు, మళ్లీ వాల్యుయరు.

కొన్ని సంస్థలు మాత్రం మిగిలిన బాకీని కొత్త ఇంటికి మళ్లించి, పైన కొంత కలిపి ఇస్తాయి. దీన్ని హోమ్ కన్వర్షన్ లోన్ అంటారు. పాతిల్లు అమ్మడం, కొత్తది కొనడం దాదాపు ఒకేసారి జరిగితేనే అది ఉపయోగం. ఇంకొన్ని బ్యాంకులు పాతిల్లు అమ్ముడుపోయేదాకా బ్రిడ్జ్ లోన్ ఇస్తాయి. దాని గడువు తక్కువ, వడ్డీ ఎక్కువ. మీ బ్యాంకులో ఇవి ఉన్నాయో లేవో నోటిమాటగా కాకుండా ఈ-మెయిల్‌లో అడగండి.

●

ఇంటి దస్తావేజు బ్యాంకు చేతిలో పెట్టడమే తనఖా అవుతుందని ఎప్పుడైనా గమనించారా? 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో సెక్షన్ 58లోని ఎఫ్ క్లాజు చెప్పేది ఇదే. మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి పట్టణాలకు ఇచ్చిన సౌకర్యం ఇది. ఆ తర్వాత ప్రభుత్వాలు నోటిఫై చేసిన పట్టణాలకు విస్తరించింది. ఇల్లు అమ్మేటప్పుడు తలనొప్పి ఇక్కడే వస్తుంది. కొనేవాళ్లు అసలు పత్రాలు చూపమంటారు, అవేమో మీ బ్యాంకు లాకర్లో ఉంటాయి. బాకీ తీరిస్తేనే పత్రాలు బయటికొస్తాయి. పత్రాలు చూపిస్తే గానీ కొనేవాళ్ల డబ్బు రాదు, ఆ డబ్బు వస్తే గానీ బాకీ తీరదు.

ఈ చిక్కుకు బజారులో నడుస్తున్న మార్గం ఉంది. మీ బ్యాంకు నుంచి రెండు కాగితాలు తెచ్చుకోవాలి. ఒకటి, ఫలానా తేదీకి అప్పు మూసేయాలంటే ఎంత కట్టాలో చెప్పే ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్. రెండోది, వాళ్ల దగ్గర ఉన్న పత్రాల జాబితా. వాటి ఆధారంగా కొనేవాళ్ల బ్యాంకు అప్పు మంజూరు చేస్తుంది, మీ బాకీ మేరకు డబ్బు నేరుగా మీ బ్యాంకుకే పంపుతుంది, మిగతాది మీకు ఇస్తుంది. మీ బాకీ ఇంటి ధరలో ఎంత తక్కువ భాగమైతే ఈ పని అంత సులువు. టాప్-అప్ గురించి మాట్లాడేటప్పుడు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలి.

●

ఉన్న ఇంటి అప్పు మీద బ్యాంకు అదనంగా ఇచ్చేదే టాప్-అప్. కొన్నాళ్లు ఈఎంఐలు తప్పకుండా కట్టినవాళ్లకు తొందరగా ఇస్తారు. వడ్డీ పర్సనల్ లోన్ కంటే చాలా తక్కువ, ఇంటి అప్పు కంటే సాధారణంగా కొంచెం ఎక్కువ. అయితే దీనికీ తనఖా పాతిల్లే. పెద్దింటి కోసం తీసుకున్నా ఆ రూపాయి భారం మీరు వదిలిపోవాలనుకుంటున్న చిన్నింటి మీదే పడుతుంది.

ఎంతవరకు ఇస్తారన్నదానికి రిజర్వ్ బ్యాంకు గీత గీసింది. ఇంటి అప్పు 30 లక్షల లోపు ఉంటే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య ఉంటే 80 శాతం దాకా, 75 లక్షలు దాటితే 75 శాతం దాకా ఇవ్వచ్చు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఈ విలువలో చేరవు. 10 లక్షల లోపు ఇళ్లకు మాత్రమే మినహాయింపు. అంటే మిగతా ఇళ్లకు ఆ ఖర్చులు పూర్తిగా మీ జేబులోంచి రావాలి. టాప్-అప్‌ల విషయంలో కొన్ని సంస్థలు ఈ హద్దుల్ని, డబ్బు దేనికి వాడుతున్నారన్న పరిశీలనను సరిగ్గా పాటించడం లేదని 2024 ఆగస్టు 8న అప్పటి గవర్నర్ శక్తికాంత దాస్ ద్రవ్యవిధాన ప్రకటనలోనే హెచ్చరించారు.

●

ఇల్లు మారేటప్పుడు అప్పు ఎంత పెరుగుతుందో చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. పాతిల్లు 45 లక్షలకు అమ్ముడుపోతుంది, కొత్తది 75 లక్షలు, కాబట్టి ఇంకో 30 లక్షలు అప్పు చేస్తే చాలు అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం.

పాతింటి మీద 18 లక్షల బాకీ ఉంది, ఇంకా 12 ఏళ్లు కట్టాలి అనుకోండి. వడ్డీ 8 శాతం అయితే ఈఎంఐ దాదాపు 19,480 రూపాయలు. ఇల్లు 45 లక్షలకు అమ్మి బాకీ తీరిస్తే చేతిలో 27 లక్షలు. కొత్త ఇంటికి గుజరాత్ స్టాంపు డ్యూటీ 4.9 శాతం, రిజిస్ట్రేషన్ 1 శాతం కలిపి సుమారు 4.42 లక్షలు. అమ్మినదానికీ కొన్నదానికీ ఒక్కో శాతం దళారీ అనుకుంటే 1.2 లక్షలు. అవి పోను చేతిలో 21.4 లక్షలు మిగులుతాయి. కొత్త అప్పు 53.6 లక్షలు అవుతుంది. బాకీ పెరిగింది 30 కాదు, 35.6 లక్షలు. సామాన్ల తరలింపు, కొత్త వంటింటి అలమరాలు, సొసైటీ బదిలీ రుసుము, బ్యాంకు ప్రాసెసింగ్ ఇందులో లేవు.

ఈఎంఐ సంగతి ఇంకా పెద్దది. ఆ 53.6 లక్షలను 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 44,850. పాత ఇంట్లో మిగిలిన కాలానికి కట్టాల్సిన వడ్డీ మొత్తం దాదాపు 10 లక్షలే. కొత్తదానికి 54 లక్షలు. అప్పు మూడింతలైతే వడ్డీ అయిదింతలకు పైగా అయింది, ఎందుకంటే గడువు కూడా 12 నుంచి 20 ఏళ్లకు జరిగింది. అదే 15 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ 51,250 దగ్గర, వడ్డీ 39 లక్షల లోపు. నెలకు 6,400 ఎక్కువ కట్టగలిగితే 15 లక్షలు మిగులుతాయి. ఇల్లు మార్చాలా వద్దా అన్న ప్రశ్న కంటే ఎన్నేళ్లకు అప్పు తీసుకోవాలన్న ప్రశ్న దగ్గరే ఎక్కువ డబ్బు ఉందని నా నమ్మకం. నలభై అయిదేళ్ల మనిషి 20 ఏళ్ల గడువు అడిగితే విరమణ వయసు చూసి బ్యాంకు ఎలాగూ గడువు కుదించవచ్చు. అప్పుడు ఈఎంఐ పెరిగి ఇంటి బడ్జెట్ తలకిందులు కాకుండా ముందే చూసుకోవాలి.

●

ఇప్పుడు అసలు ఉచ్చు. అమ్మడానికి తొందరెందుకు, ముందు పాతింటి మీద టాప్-అప్ తీసుకుని కొత్తదానికి మన వాటా అయిన మార్జిన్ కట్టేద్దాం, తీరిగ్గా మంచి ధరకు అమ్ముదాం అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి సొసైటీలోనూ ఉంటారు. పైన చెప్పిన అంకెలతోనే చూడండి. 45 లక్షల ఇంటిమీద 80 శాతం అంటే 36 లక్షలు. ఉన్న బాకీ 18 పోను టాప్-అప్ 18 లక్షలు వస్తుంది. కొత్తింటి ధర, రిజిస్ట్రేషన్, దళారీ కలిపి 80 లక్షలు దాటింది. ఆ ఇంటిమీద బ్యాంకు ఇచ్చే గరిష్ఠం 60 లక్షలు. ఇంకా రెండు లక్షలకు పైగా తక్కువే.

నెలసరి చూస్తే గుండె ఝల్లుమంటుంది. పాత అప్పు 19,480, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 12 ఏళ్ల టాప్-అప్ అయితే దాదాపు 19,980, కొత్త అప్పు 50,190. మొత్తం 89,650 రూపాయలు. చేతికొచ్చే జీతంలో సగం దాకా ఈఎంఐలకు పోవచ్చని బ్యాంకు లెక్కగడితే, నెలకు 1.8 లక్షలు వచ్చేవాళ్లకే ఇది సాధ్యం. చాలామందికి టాప్-అప్ తీసుకోవడం వల్లే కొత్త అప్పు అర్హత తగ్గిపోతుంది. మార్జిన్ చేతికొచ్చింది కానీ అసలు అప్పు రావడం లేదు అన్న స్థితిలో టోకెన్ డబ్బు పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

అంతేకాదు, పాతిల్లు అమ్మడమూ కష్టమవుతుంది. 45 లక్షల ఇంటి మీద 36 లక్షల బాకీ ఉందని తెలిసిన కొనుగోలుదారు భయపడతాడు. అతను ఇచ్చే పది శాతం అడ్వాన్సుతో ఆ బాకీ తీరదు. ఎవరైనా మంచి ధర ఇస్తానన్నా, పత్రాలు విడిపించడానికి నాలుగు నెలలు పడుతుందంటే పక్క బిల్డింగులో ఖాళీగా ఉన్న ఫ్లాటు వైపు వెళ్లిపోతాడు. ఈఎంఐలు మూడు కట్టలేక చివరికి తక్కువ ధరకే అమ్ముకోవాల్సి వస్తుంది. మంచి ధర కోసం ఆగుదామనుకున్న పని చౌక అమ్మకంతో ముగుస్తుంది.

అందుకే నా తీర్పు స్పష్టం. ముందు అమ్మకం ఒప్పందం, ఇక్కడి మాటలో సాటాఖత్, రాసుకోండి. స్వాధీనం రెండు మూడు నెలల తర్వాత ఇస్తానని అందులోనే పెట్టండి. ఆ వ్యవధిలో కొత్తిల్లు ఖాయం చేయండి. మధ్యలో కొన్నాళ్లు అద్దెకు ఉండాల్సి వచ్చినా ఫర్వాలేదు. ఆ అద్దె మూడు ఈఎంఐల కంటే ఎప్పుడూ తక్కువే. రెండుసార్లు సామాను సర్దడం ఇంట్లోవాళ్లకు కష్టమని తెలుసు, అయినా ఈ మాటే చెబుతాను.

●

పాత అప్పు మూసేస్తే నష్టమేమీ లేదని మీకు తెలుసా? ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి అప్పును వ్యక్తులు ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదని 2012 జూన్‌లోనే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. ఫిక్స్‌డ్ వడ్డీ అయితే ఒప్పందం చదవాలి.

2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ ఇంటి అప్పులు రిజర్వ్ బ్యాంకు రెపో రేటు లాంటి బయటి కొలమానానికి ముడిపడి ఉన్నాయి. 2020 మేలో 4 శాతం ఉన్న రెపో 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి ఎక్కి, 2025 జూన్‌లో 5.5కు, డిసెంబరులో 5.25కు దిగింది. పాత ఎంసీఎల్‌ఆర్ పద్ధతిలోనే (బ్యాంకు సొంత ఖర్చుల లెక్కతో నడిచేది) ఉండిపోయినవాళ్లకు ఈ తగ్గుదల ఆలస్యంగా, అరకొరగా అందింది. అలాంటివాళ్లకు ఇల్లు మారడం వడ్డీ తగ్గించుకునే అవకాశం కూడా.

●

అమెరికాలో ఉన్న మన బంధువులకు ఇలా పాత అప్పును నష్టం లేకుండా వదిలేసే సుఖం లేదు. అక్కడ ముప్పై ఏళ్ల స్థిర వడ్డీ మామూలు. ఫ్రెడీ మ్యాక్ లెక్కల ప్రకారం 2021 జనవరిలో సగటు వడ్డీ 2.65 శాతానికి పడిపోయింది, 2023 అక్టోబరులో 7.79 శాతానికి ఎక్కింది. ఇల్లు అమ్మగానే మొత్తం బాకీ కట్టమనే షరతును 1982 నాటి గార్న్–సెయింట్ జర్మైన్ చట్టం బలపరిచింది. అందుకే మూడు శాతం లోపు వడ్డీకి అప్పు దొరికినవాళ్లు ఇల్లు ఇరుకైనా కదలలేకపోయారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మీ బావగారు ఇల్లు మార్చొద్దని సలహా ఇస్తే అది ఆయన అప్పుకు సరిపోయే సలహా. మీ అప్పు తీరు వేరు, దాన్ని కాపాడుకోవాల్సిన అవసరం మీకు లేదు.

●

అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా బ్యాంకు అసలు పత్రాలన్నీ తిరిగివ్వాలి, రిజిస్టర్ చేసిన చార్జీ తొలగించాలి. తన తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు పరిహారం కట్టాలి. 2023 సెప్టెంబరు 13న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఈ ఆదేశం అదే ఏడాది డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. పత్రాలు పోగొడితే నకళ్లు తెప్పించే ఖర్చు కూడా బ్యాంకుదే. దీన్ని నెమ్మదిగా, మర్యాదగా, కాగితం మీద అడగండి.

తనఖాల వివరాలన్నీ ఒక కేంద్ర పట్టికలో ఉంటాయి. 2011లో ఏర్పడిన సెర్సాయ్ అది. మీరు కొనబోయే ఇల్లు ఎవరికైనా తనఖాలో ఉందేమో రుసుము కట్టి అందులో వెతకవచ్చు. మీ పాత తనఖా అందులోంచి తీసేశారో లేదో కూడా చూసుకోండి. చాలామంది పత్రాలు తెచ్చుకుని అక్కడితో మరచిపోతారు.

●

తెలుగు రాష్ట్రాల్లో ఇల్లు కొనేవాళ్లు ముందు ఈసీ అడుగుతారు. సూరత్‌లో అడగాల్సింది ఇండెక్స్-2, లాయరిచ్చే టైటిల్ క్లియరెన్స్, బిల్డింగుకు బీయూ పర్మిషన్. బీయూ అంటే కట్టడం పూర్తయింది, వాడుకోవచ్చు అని నగరపాలక సంస్థ ఇచ్చే అనుమతి. అది లేని ఇంటికి చాలా బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడతాయి. అది ఉన్న ఇంటికి జీఎస్టీ లేదు. కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకైతే 5 శాతం, 45 లక్షల లోపు చిన్న ఇళ్లకు 1 శాతం. 75 లక్షల ఫ్లాటు మీద అది 3.75 లక్షలు.

మన తెలుగు రాష్ట్రాల రెండింట్లోనూ రిజిస్ట్రేషన్ ఖర్చులన్నీ కలిపితే 7.5 శాతం దాకా పోతాయి. గుజరాత్‌లో 5.9 శాతమే. కొనేది మహిళ మాత్రమే అయితే ఆ ఒక్క శాతం రిజిస్ట్రేషన్ రుసుము కూడా మాఫీ. 75 లక్షల ఇంటికి 75 వేలు మిగులుతాయి. కానీ ఆలోచించి చేయాలి. ఇల్లు పూర్తిగా భార్య పేరున ఉండి ఈఎంఐ భర్త కడితే, యజమాని కాని భర్తకు వడ్డీ మినహాయింపు రాదు. పాతిల్లు భర్త పేరున అమ్మి కొత్తది భార్య పేరున కొంటే మూలధన లాభం మినహాయింపు దొరుకుతుందా అన్నదానిపై హైకోర్టులు రెండు రకాలుగా తీర్పులిచ్చాయి. 75 వేల కోసం అంతకంటే పెద్ద వివాదం తలకెత్తుకోవద్దు.

ప్రభుత్వం నిర్ణయించే కనీస విలువను ఇక్కడ జంత్రీ అంటారు. 2011 తర్వాత మొదటిసారిగా 2023 ఏప్రిల్ 15న దాన్ని భారీగా పెంచారు. మీరు రాసుకున్న ధర తక్కువైనా స్టాంపు డ్యూటీ జంత్రీ ప్రకారమే కట్టాలి.

●

రెండేళ్లకు పైగా మీ దగ్గరున్న ఇల్లు అమ్మితే వచ్చేది దీర్ఘకాల లాభం. 2024 జులై 23 నుంచి దానిపై పన్ను 12.5 శాతం, ఇండెక్సేషన్ లేదు. ఆ తేదీకి ముందు కొన్న ఇంటికి మాత్రం ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్క కూడా వేసి ఏది తక్కువైతే అది కట్టవచ్చు. 2014–15లో 25 లక్షలకు కొని 2025–26లో 45 లక్షలకు అమ్మితే మొదటి పద్ధతిలో పన్ను 2.5 లక్షలు, రెండో పద్ధతిలో 1.17 లక్షలు.

కొత్తింట్లో లాభాన్ని పెడితే ఆ పన్ను కూడా ఉండదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 54గా అందరికీ తెలిసిన వెసులుబాటు ఇది. అమ్మడానికి ఏడాది ముందు గానీ, అమ్మిన రెండేళ్లలోగా గానీ కొనాలి, కట్టించుకుంటే మూడేళ్లు. పెట్టాల్సింది అమ్మిన సొమ్మంతా కాదు, లాభం మాత్రమే. మన ఉదాహరణలో 20 లక్షలు. రిటర్ను గడువులోగా ఖర్చు కాకపోతే ఆ డబ్బును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి, మామూలు సేవింగ్స్‌లో ఉంచితే చెల్లదు. కొత్తింటిని మూడేళ్లలోపు అమ్మితే మినహాయింపు వెనక్కి పోతుంది. అలాగే పాతింటిని స్వాధీనం చేసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన అయిదేళ్లలోపు అమ్మితే, అసలు చెల్లింపుపై 80సీ కింద పొందిన మినహాయింపులన్నీ ఆ ఏటి ఆదాయంలో చేరతాయి. అయిదేళ్లు నిండడానికి నెలలే మిగిలి ఉంటే ఆగడం మంచిది.

ఇల్లు కొన్న డబ్బులో టాప్-అప్ సొమ్ము ఉంటే ఆ భాగం వడ్డీకి కూడా పాత పన్ను విధానంలో మినహాయింపు అడగవచ్చు, సొంతంగా ఉంటున్న ఇంటికి మొత్తం మీద ఏడాదికి రెండు లక్షల లోపు. డబ్బు మీ ఖాతా నుంచి నేరుగా అమ్మినవాళ్ల ఖాతాకు వెళ్లిందని రుజువు ఉండాలి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు సొంతింటి వడ్డీ మినహాయింపే లేదు.

●

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ధరలో కొంత నగదుగా ఇవ్వమని అడిగినప్పుడు ఆ నగదు కోసం టాప్-అప్ తీసుకోవద్దు. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకుమించి నగదు తీసుకోకూడదని 2015 జూన్ నుంచి చట్టం చెబుతోంది, తీసుకున్నంత మొత్తం జరిమానా పడుతుంది. మీ వైపునుంచి చూస్తే, దస్తావేజులో లేని డబ్బు రేపు మీరు ఇల్లు అమ్మినప్పుడు మీ కొనుగోలు ధరలో లెక్కకు రాదు, లాభం పెద్దదిగా కనబడి పన్ను మీమీద పడుతుంది. వడ్డీ కడుతూ తెచ్చిన డబ్బును ఆనవాలు లేకుండా చేయడం అది.

●

2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు వదిలినప్పుడు సూరత్‌లో ఎక్కువ భాగం మునిగింది. పడమటి ఒడ్డున రాందేర్, అడాజన్‌లలో కింది అంతస్తులు నీళ్లలో ఉండిపోయాయి. ఆ తర్వాత ఇక్కడికి వచ్చినవాళ్లకు ఆ సంగతి తెలియదు. పెద్దింటి కోసం గ్రౌండ్ ఫ్లోరు రో హౌస్ చూస్తుంటే, అప్పుడు అక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయో పక్కింటి పెద్దవాళ్లను అడగండి. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా కంపెనీలన్నీ భారత్ గృహ రక్ష పేరుతో ఒకే తరహా ఇంటి పాలసీ ఇస్తున్నాయి, వరద అందులో ఉంది. బీమా చేయాల్సింది స్థలంతో కలిసిన ధరకు కాదు, మళ్లీ కట్టడానికయ్యే ఖర్చుకు. అందువల్ల ప్రీమియం అనుకున్నంత ఎక్కువ ఉండదు.

పాత అప్పుతో కలిపి తీసుకున్న జీవిత బీమా ఉంటే, అప్పు మూసేసిన రోజే మిగిలిన కాలానికి ఎంత వెనక్కిస్తారో లేదా మీ పేరున కొనసాగుతుందో అడగండి. బ్యాంకులు వాటంతట అవే గుర్తుచేయవు.

●

ప్రకటనలో 1,500 చదరపు అడుగులు అని ఉంటే అది సూపర్ బిల్టప్. 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన రెరా చట్టం ప్రకారం ధర కార్పెట్ ఏరియా మీద, అంటే బయటి గోడల లోపలి కొలత మీద చెప్పాలి. మీ పాతింటి కార్పెట్ ఎంతో టేపు పెట్టి కొలిచి, కొత్తింటి కార్పెట్‌తో పోల్చండి. 3బీహెచ్‌కే అని పేరున్నా మూడో గది మంచం పడితే తలుపు తెరుచుకోనంత చిన్నది కావచ్చు. 35 లక్షల అదనపు అప్పుకు ఎన్ని చదరపు అడుగులు ఎక్కువొస్తున్నాయో తెలిశాక, ఇంకో గదికి అడ్డుపలకలు వేయించుకునో బాల్కనీ మూయించుకునో పాతింట్లోనే సర్దుకున్నవాళ్లు ఉన్నారు. కట్టుబడిలో ఉన్న ప్రాజెక్టు అయితే రిజిస్టర్డ్ ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి బిల్డరు తీసుకోకూడదు. గుజరెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు నంబరు కొట్టి అప్పగించే తేదీ చూడండి.

●

ఈ ఆదివారం ఇల్లు చూడటానికి వెళ్లబోతుంటే ముందు శనివారం బ్యాంకుకు వెళ్లండి. రెండో, నాలుగో శనివారమైతే శుక్రవారమే వెళ్లండి. ఫోర్‌క్లోజర్ మొత్తం, పత్రాల జాబితా, పాతిల్లు అమ్మేశాక మీ జీతానికి ఎంత కొత్త అప్పు వస్తుందన్న లిఖిత అంచనా, ఈ మూడు కాగితాలు చేతికొచ్చేదాకా ఎవరికీ టోకెన్ ఇవ్వకండి.